అమెరికన్ సమోవా పగడపు దిబ్బల మీద రిసెర్చ్ ప్రపోజల్ రాయాలా? వాగు దగ్గర మొదలెట్టండి

మెరైన్ బయాలజీలోనో రిమోట్ సెన్సింగ్‌లోనో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్ళు పసిఫిక్ దీవి ఒకటి తీసుకుని ప్రపోజల్ రాస్తే మొదటి పేరా దాదాపు ఒకేలా ఉంటుంది. భూతాపం, మునిగిపోతున్న దీవులు, తెల్లబడుతున్న పగడాలు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ పేరా చదివిన అక్కడి అధికారికి రేపు పొద్దున ఆఫీసుకెళ్ళి చేయగలిగిన పని ఒక్కటీ కనపడదు. నిధులిచ్చేవాళ్ళు కూడా ఇలాంటివి వందల్లో చదివి ఉంటారు కాబట్టి రెండో పేజీ తిప్పేదాకా ఓపిక పడతారన్న గ్యారంటీ లేదు.

రిసెర్చ్ అవసరం అంటే ఏమిటో ముందే అనుకుంటే మిగతా పని తేలికవుతుంది. అక్కడ ఎవరో ఒకరు, ఊరి పెద్దో మత్స్యశాఖో, ఒక నిర్ణయం తీసుకోవాలి. ఏదో ఒక సంగతి తెలియక అది ఆగిపోయి ఉంటుంది. ఆ తెలియని సంగతినే వెతికి పట్టుకోవాలి. మనకు ఇష్టమైన టాపిక్, మన ల్యాబ్‌లో ఉన్న మెషీన్, మన గైడ్ చదివిన పేపర్ ఇవన్నీ తర్వాత. ఇదెలా చేయాలో అమెరికన్ సమోవాని పెట్టుకుని చెప్తాను, ఎందుకంటే ఇంత చిన్న చోట నూరేళ్ళకు పైబడిన పగడాల లెక్కలున్న దీవులు ప్రపంచంలో చాలా తక్కువ.

చోటు తెలియకుండా ప్రశ్న పుట్టదు

భూమధ్యరేఖకి 14 డిగ్రీలు దక్షిణాన, హవాయికి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా అవతల ఉంటుందిది. 1900 నుంచి అమెరికా అధీనంలో ఉంది. తుతువిలా, అవునువు, ఓఫు, ఒలొసెగా, తాఊ అని ఐదు అగ్నిపర్వత దీవులు, రోజ్, స్వెయిన్స్ అని రెండు అటాల్‌లు (ఉంగరంలా ఉండే పగడపు దీవులు). నేలంతా కలిపితే 200 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ, కానీ దాని అధీనంలో ఉన్న సముద్ర పరిధి సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల్లో 49,710 మంది తేలారు. పదేళ్ళ ముందు 55,519 మంది ఉండేవాళ్ళు, అంటే తగ్గుతున్నారు. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే "పెరుగుతున్న జనాభా ఒత్తిడి" అనే రెడీమేడ్ వాక్యం ఇక్కడ రాస్తే మీరు లెక్కలు చూడలేదని వెంటనే దొరికిపోతారు.

జనమంతా దాదాపు తుతువిలా మీదే ఉంటారు. ఆ దీవి నిటారు కొండలు, వాటి పాదాల దగ్గర సన్నటి తీరం, ఆ వెంటనే రీఫ్, అంటే పగడపు దిబ్బ. చదును నేల అంటే చెప్పుకోదగ్గది తఫూనా వైపు మైదానం ఒక్కటే. ముఖ్య పట్టణం పాగో పాగోలో ఏటా మూడు మీటర్లకు పైగా వాన పడుతుంది. గోదావరి డెల్టాలో లాగా నీళ్ళు కాలువలు, మడ అడవులు దాటుకుంటూ నిదానంగా సముద్రంలో కలిసే వ్యవహారం కాదు. కొండ మీద వాన దంచితే కాసేపట్లోనే వాగు ఎర్రబడుతుంది, ఆ మట్టి, పందుల దొడ్డి నీళ్ళు, సెప్టిక్ ట్యాంకుల ఊట అన్నీ కలిసి నేరుగా పగడాల మీద పడతాయి. కాబట్టి మ్యాప్ తెరిచినప్పుడు రీఫ్ కంటే ముందు వాగులు గీసుకోండి, ఏ వాగు ఏ బేలోకి (చిన్న అఖాతంలోకి) దిగుతోంది, దాని గట్టున ఏముంది అని.

ఒకే ఒక్క బే తీసుకోండి

దీవి మొత్తం మీద స్టడీ చేస్తానంటే వినడానికి ఘనంగానే ఉంటుంది కానీ చివరికి తేలేది ఏమీ ఉండదు. ఒక వాగు, అది దిగే ఒక బే, అంతే. ఇది ఎలా పనిచేస్తుందో చూడాలంటే పాగో పాగో హార్బర్ పక్కనే ఉన్న ఫగాలు బే కథ చదవాలి, నా దృష్టిలో ఈ దీవుల్లో జరిగిన పనుల్లో విద్యార్థులకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఫగాలులో కొండ పైన అడవి, మధ్యలో ఒక రాతి క్వారీ, కింద ఊరు, ఆ ఊళ్ళోనే దీవికి పెద్దాసుపత్రి. బేలో పగడాలు మట్టి కింద నలుగుతున్నాయని అందరికీ కనపడుతూనే ఉంది. అయితే ఆ మట్టి ఎవరిది? సహజంగా కొండ కరిగి వస్తోందా, క్వారీదా, ఊళ్ళో ఇళ్ళు, రోడ్లు తవ్వడం వల్లా? శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. వాగు మీద మూడు చోట్ల, అంటే అడవి దాటాక, క్వారీ దాటాక, ఊరు దాటాక, వాన పడుతున్నప్పుడే నీళ్ళు పట్టి అందులో మట్టి ఎంతుందో తూచారు. కింద దానిలోంచి పైది తీసేస్తే ఎవరి వాటా ఎంతో తేలిపోతుంది. మనుషుల పనుల వల్ల బేలోకి వచ్చే మట్టి, అడవి మాత్రమే ఉంటే వచ్చేదానికి దాదాపు నాలుగు రెట్లు అయిందని, వాటర్‌షెడ్‌లో (వాగులోకి నీళ్ళు దిగే నేలంతటిలో) ఒక్క శాతం పాటి నేల ఉన్న క్వారీ నుంచే మొత్తం మట్టిలో మూడో వంతు దాకా వస్తోందని బయటపడింది.

ఇప్పుడు నిర్ణయం ఎంత సులువైందో చూడండి. ఊళ్ళో ప్రతి ఇంటి వెంట పడక్కర్లేదు, క్వారీ దగ్గర మట్టి నిలిచే చెరువులు కట్టిస్తే చాలావరకు సరిపోతుంది. 2014లో కట్టారు, మట్టి తగ్గింది కూడా.

మీరు ఇలాంటిది చేయాలనుకుంటే కొన్ని సంగతులు పుస్తకాల్లో గట్టిగా చెప్పరు. ఏడాది పొడవునా వారానికోసారి నీళ్ళు పట్టే షెడ్యూల్ పెట్టుకుంటే దాదాపు ఏమీ దొరకదు, ఎందుకంటే మట్టిలో సింహభాగం కొద్దిపాటి పెద్ద వానల్లోనే వస్తుంది, ఆ వానలు అర్ధరాత్రి రెండింటికి కూడా పడతాయి. ఆటోమేటిక్ శాంప్లర్ ఉంటే మంచిదే, లేకపోతే వాగు పక్క ఇంట్లో ఉండే ఎవరికైనా సీసాలిచ్చి, డబ్బులిచ్చి, ఎలా పట్టాలో చూపించి పెట్టుకోవాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో ఒక వరుసగా రాయండి, సిగ్గుపడక్కర్లేదు.

రీఫ్ మీద మట్టి పడుతోందా అని చూడటానికి చాలామంది పీవీసీ గొట్టం ముక్కలు నిలబెట్టి నెలకోసారి తీస్తారు. గొట్టంలోకి దిగింది మళ్ళీ బయటికి పోదు. బయట పగడం మీద పడ్డ మట్టి మాత్రం అల వస్తే కొట్టుకుపోతుంది. అందుకని గొట్టం పక్కనే చదునైన సిమెంటు పలక ఒకటి కూడా పెట్టాలి, రెండింటికీ తేడా చూస్తేనే అలలు ఎంత కడిగేస్తున్నాయో అర్థమవుతుంది. తెచ్చిన మట్టిని తూచేసి అదే లెక్క అనుకోవద్దు. అందులో సగం రీఫ్ ఇసుకే అయి ఉండొచ్చు. పగడపు ఇసుక సున్నపురాయి జాతి, పలచటి యాసిడ్ పోస్తే బుసబుస పొంగి కరిగిపోతుంది, కొండ మట్టి అలాగే మిగులుతుంది. ఆకులూ నాచూ లాంటి సేంద్రియం ముందే కాల్చేసి, తర్వాత యాసిడ్ పోసి, మిగిలింది తూచండి. కొండ వాటా అది.

ఇంకోటి, బేలో నీళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూడకుండా లొకేషన్లు పెట్టకండి. ఫగాలులో అలలు దక్షిణపు రీఫ్ మీద విరిగి నీళ్ళని లోపలికి తోస్తాయి, ఆ నీళ్ళు వాగు నోటి దగ్గరి మట్టిని మోసుకుని ఉత్తరపు రీఫ్ మీదుగా బయటికి పోతాయి, అందుకే ఉత్తరం వైపు పగడాలే ఎక్కువ దెబ్బతిన్నాయి. జీపీఎస్ కట్టిన డ్రిఫ్టర్లు (నీళ్ళతో పాటు తేలుతూ పోయే పరికరాలు) నాలుగు వదిలితే ఈ సంగతి తెలిసిపోతుంది. వాగు నోటికి ఎంత దూరం అని స్కేలు పెట్టి కొలిచి సైట్లు ఎంచుకుంటే మాత్రం ఎప్పటికీ తెలియదు.

పాత లెక్కలు తవ్వండి

హార్బర్‌కి తూర్పు గట్టున ఔవా అనే ఊరుంది. 1917లో ఆల్ఫ్రెడ్ మేయర్ అనే శాస్త్రవేత్త ఆ ఊరి ముందు రీఫ్ మీద, ఒడ్డు నుంచి అలలు విరిగే అంచు దాకా ఒక గీత అనుకుని, దాని వెంట ఉన్న పగడాలని లెక్కపెట్టి పెట్టాడు. 1970ల నుంచి ఇప్పటిదాకా వేర్వేరు బృందాలు అదే గీత మీదికి వెళ్ళి మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతూ వస్తున్నాయి. ఈ మధ్యలో హార్బర్‌లో యుద్ధకాలపు తవ్వకాలు, పూడికలు జరిగాయి, ట్యూనా క్యానరీలు (చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు) వచ్చాయి, వాటి వ్యర్థాలు దశాబ్దాల పాటు లోపలి హార్బర్‌లోనే కలిశాయి, 1990ల మొదట్లో పైపు వేసి వాటిని బయటికి మళ్ళించారు.

ఆ తర్వాత ఏం జరిగిందన్నది ఆసక్తికరం. రీఫ్ అంచు వైపు పగడాలు బాగానే తిరిగొచ్చాయి. ఒడ్డు వైపు, కింద నేల విరిగిన పగడపు ముక్కలతో వదులుగా ఉన్న చోట, రాలేదు. నీళ్ళు బాగుపడితే రీఫ్ దానంతట అదే బాగుపడుతుందని మనం అనుకుంటాం, పిల్ల పగడం అతుక్కోవడానికి గట్టి నేల లేకపోతే శుభ్రమైన నీళ్ళు ఏం చేసుకుంటుంది? అలల్లో ముక్క దొర్లినప్పుడల్లా దాని మీద మొలిచిన పిల్ల కింద పడి నలిగిపోతుంది. ఇక్కడ ప్రశ్న తయారుగా ఉంది. ఏ రకం అడుగు మీద పునరుద్ధరణకి డబ్బు పెట్టాలి, ఎక్కడ పెడితే వృథా?

మీ ప్రపోజల్‌లో ఇలాంటి పాత సైట్ ఒక్కటైనా ఉండేట్టు చూసుకోండి. కొత్త సైట్‌లో రెండేళ్ళు లెక్కపెడితే రెండేళ్ళ సంగతే తెలుస్తుంది, పాత సైట్‌లో రెండు వారాలు లెక్కపెట్టినా దాని వెనక వందేళ్ళు ఉంటాయి. పాత పద్ధతి మోటుగా అనిపించినా ముందు అదే పద్ధతిలో కొలిచి, తర్వాత మీ ఫోటోలు, త్రీడీ మోడల్ ఏదైనా పక్కన చేసుకోండి. పద్ధతి మార్చేసి, వచ్చిన తేడాకి రీఫే మారిపోయిందని రాసిన పేపర్లు లేకపోలేదు.

తాఊ దీవి దగ్గర పోరైటిస్ జాతి పగడం ఒకటి ఉంది, ఎత్తు ఆరు మీటర్ల పైన, చుట్టుకొలత 41 మీటర్లు, వయసు ఐదు వందల ఏళ్ళు దాటి ఉంటుందని అంచనా. ఇలాంటి పగడాల్లో ఏడాదికో పొర పడుతుంది. సన్నటి కోర్ (డ్రిల్లు చేసి తీసే కడ్డీ లాంటి ముక్క) తీసి చదివితే టైడ్ గేజ్ (సముద్ర మట్టం కొలిచే పరికరం), థర్మామీటర్ పుట్టక ముందటి సముద్రం గురించి తెలుసుకోవచ్చు. కోర్ తీయడానికి అనుమతి తెచ్చుకోవడం మాత్రం పరీక్షే, ఆ సంగతి కింద చెప్తాను.

వేడి లెక్క శాటిలైట్‌తో మొదలవుతుంది, అక్కడే ఆగిపోకూడదు

ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని కావాలంటే అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా వాళ్ళ కోరల్ రీఫ్ వాచ్ శాటిలైట్ డేటా ఉచితం, 1985 నుంచి ఉంది, 5 కిలోమీటర్ల గడుల్లో. అందులో అసలు చూడాల్సింది డిగ్రీ హీటింగ్ వీక్స్ అనే లెక్క. జ్వరం ఎంతుందో ఒక్కటే చూస్తే సరిపోదు, ఎన్నాళ్ళు ఉందో కూడా కావాలి కదా, అదే పద్ధతి. ఆ చోట మామూలుగా ఏడాదిలో అన్నిటికంటే వేడిగా ఉండే నెల సగటు తీసుకుంటారు, నీళ్ళు దాని కంటే ఒక డిగ్రీ లేదా అంతకు మించి వేడెక్కినప్పుడు ఆ తేడా మొత్తాన్ని వెనక 12 వారాలకు కూడుతారు. మొత్తం 4 దాటితే చెప్పుకోదగ్గ బ్లీచింగ్ (పగడాలు తెల్లబడటం), 8 దాటితే తీవ్రమైన బ్లీచింగ్‌తో పాటు చావులు కూడా ఉంటాయని అంచనా. 1994, 2002, 2003, 2015 సంవత్సరాల్లో ఇక్కడ బ్లీచింగ్ నమోదైంది. ముందు ఆ ఏళ్ళ గ్రాఫులు గీసి, లెక్క చెప్పినదానికీ డైవర్లు చూసినదానికీ పొంతన ఉందేమో చూడండి, అది కూడా మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్టే.

అయితే 5 కిలోమీటర్ల గడికి ఓఫు దీవి లగూన్ కనపడదు. అక్కడ రీఫ్ వెనక చిన్న చిన్న మడుగులున్నాయి. పాటు తీసి నీళ్ళు నిలిచిపోయిన మధ్యాహ్నాల్లో కొన్నిట్లో వేడి 34 డిగ్రీలు దాటుతుంది, ఒక్క రోజులోనే ఆరు డిగ్రీల దాకా ఎగుడుదిగుడు ఉంటుంది. మామూలుగా ఇంత వేడికి చావాల్సిన పగడాలు అక్కడ బతుకుతున్నాయి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అక్రోపోరా జాతి పగడాలని తక్కువ వేడి మడుగులోంచి తీసి ఎక్కువ వేడి మడుగులో నాటితే, అవి కొంతవరకు తట్టుకోవడం నేర్చుకున్నాయని 2014లో ప్రచురించారు. కొంత పుట్టుకతో వచ్చింది, కొంత అలవాటుతో వచ్చింది అన్నమాట. ఈ పగడాల్ని తెచ్చి తుతువిలాలో నాటితే అక్కడా తట్టుకుంటాయా, మట్టి నీళ్ళలో ఆ గుణం నిలుస్తుందా, వేడి తట్టుకున్నందుకు పెరుగుదల తగ్గుతుందా? నర్సరీ పెట్టేవాళ్ళకి కావాల్సినవి ఇవే.

టెంపరేచర్ లాగర్లు (వేడిని దానంతటదే నమోదు చేసుకునే చిన్న పరికరాలు) పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. లోతు తక్కువ నీళ్ళలో ఎండ నేరుగా తగిలితే లాగర్ తానే వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. తెల్లటి పీవీసీ ముక్క లోపల పెట్టి, చిల్లులు చేసి, చచ్చిన రాయికే జిప్ టై వేయండి, బతికున్న పగడానికి కట్టిన ఫోటో ఎవరైనా చూస్తే పర్మిట్ పోతుంది. పెట్టే ముందు, తీశాక అన్నిటినీ ఐసు నీళ్ళలో కలిపి ముంచి సున్నా చూపిస్తున్నాయో లేదో చూడండి. ఈ చిన్న పని ఎగ్గొట్టినవాళ్ళ డేటాలో అర డిగ్రీ తేడా ఏది సముద్రానిదో ఏది మెషీన్‌దో ఎవరూ తేల్చలేరు.

సముద్ర మట్టం: ఇక్కడ నేల కూడా దిగుతోంది

2009 సెప్టెంబర్ 29న సమోవా దగ్గర 8.1 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ వచ్చాయి. ఒక్క అమెరికన్ సమోవాలోనే 34 మంది చనిపోయారు. ఆ రోజుతో అయిపోలేదు. అప్పటి నుంచి దీవులు నెమ్మదిగా కుంగుతున్నాయి, ఆ కుంగుబాటు, పెరిగే సముద్రం కలిసి తీరంలో నీటి మట్టం ప్రపంచ సగటు కంటే కొన్ని రెట్లు వేగంగా పెరుగుతోంది. పాగో పాగో టైడ్ గేజ్ రికార్డు 1948 నుంచి ఉంది, ఆ గ్రాఫ్‌లో 2009 తర్వాత వాలు మారడం కంటికి కనపడుతుంది.

ఆ గ్రాఫ్ తెచ్చి "వాతావరణ మార్పు ప్రభావం" అని కింద రాస్తే సగం తప్పు. టైడ్ గేజ్ నేలకి కట్టి ఉంటుంది, నేల దిగినా నీళ్ళు పెరిగినట్టే చూపిస్తుంది. శాటిలైట్ ఆల్టిమీటర్ సముద్రాన్ని మాత్రమే కొలుస్తుంది, జీపీఎస్ స్టేషన్ నేలని మాత్రమే. మూడూ పక్కపక్కన పెట్టి విడదీయండి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికలు, సముద్ర మట్టం డేటా చూసే మనవాళ్ళకి ఈ లెక్కలు కొత్త కాదు, అక్కడ ఇంటర్న్‌షిప్ చేసినవాళ్ళు ఈ భాగాన్ని ఇక్కడి నుంచే చేసెయ్యగలరు. దీని మీద ఆధారపడే నిర్ణయాలు చాలా మామూలువి. రోడ్డు ఎంత ఎత్తున వేయాలి, సముద్రపు గోడ ఎక్కడ కట్టాలి, తీరం పక్క బావిలో ఉప్పు ఎప్పుడు చేరుతుంది. రీఫ్ ఆ వేగంతో పైకి పెరగలేకపోతే అలలు ఒడ్డుని కొట్టే తీరు కూడా మారుతుంది.

మిగతా సమస్యలు, త్వరగా

ముళ్ళ కిరీటం స్టార్‌ఫిష్‌ని అక్కడ అలామియా అంటారు. 1978లో దండయాత్ర లాగా వచ్చి పగడాల్ని తినేసింది, 2010ల్లో మళ్ళీ పెరిగితే నేషనల్ పార్క్ డైవర్లు, ఇతరులు పశువుల పిత్తరసం సూదితో ఎక్కించి పాతిక వేలకు పైగా చంపారు. ఒక్క సూది చాలు, ముక్కలు కోయకూడదు. ఎందుకు ఇలా పెరుగుతాయన్నదానికి ఛార్లెస్ బిర్క్‌లాండ్ 1982లోనే ఒక వాదన పెట్టాడు, కొండల దీవుల్లో కరువు తర్వాత పెద్ద వాన పడితే నేల మీది పోషకాలు సముద్రంలో కలిసి, సూక్ష్మజీవులు పెరిగి, స్టార్‌ఫిష్ పిల్లలకి తిండి దొరికి, మూడేళ్ళకి దండు తయారవుతుందని. చూశారా, మళ్ళీ వాగు దగ్గరికే వచ్చాం.

మురుగు సంగతి మట్టి కంటే కష్టం, ఎందుకంటే తఫూనా మైదానంలో అది వాగులో కనపడకుండా భూమి కిందనుంచి ఊరి రీఫ్‌లో తేలుతుంది. పాటు సమయంలో ఒడ్డున ఊట ఎక్కడుందో ఉప్పు మీటరుతో నడుచుకుంటూ వెతకాలి, ఉప్పు తగ్గిన చోట నైట్రేటు, మురుగు జాడ పట్టించే ఎంటరోకాకస్ బాక్టీరియా చూడాలి. రోజ్ అటాల్ మీద 1993లో ఒక తైవాన్ చేపల ఓడ ఎక్కేస్తే, డీజిల్ కంటే ఎక్కువ కాలం దెబ్బకొట్టింది దాని ఇనుము. తుప్పు కరిగి, ఇనుము కరువున్న ఆ నీళ్ళలో నల్లటి సయనోబాక్టీరియా తివాచీలా పరుచుకుంది, ఇనుప ముక్కలు ఏరడానికి ఏళ్ళు పట్టింది.

చేపల వేటలో స్కూబా వాడకాన్ని 2001లోనే నిషేధించారు. పెద్ద చిలక చేపలు ఆ తర్వాత నిజంగా పెరిగాయా అన్నది అడగాల్సిన ప్రశ్నే. ఇక సముద్రగర్భ ఖనిజాలు. 2024లో అప్పటి గవర్నర్ తవ్వకాల మీద మారటోరియం (తాత్కాలిక నిషేధం) పెట్టాడు, 2025లో ఒక కంపెనీ లీజు అడగడంతో ఫెడరల్ ప్రభుత్వం ప్రక్రియ మొదలుపెట్టింది. తవ్వకం మంచిదా చెడ్డదా అని వాదించే ముందు అడుగున ఇప్పుడు ఏం బతుకుతోందో రాసిపెట్టిన లెక్క కావాలి, తవ్వాక రాసే లెక్కకి విలువ ఉండదు. లోతు సముద్రపు పని ఓడ లేకుండా కాదు కాబట్టి విద్యార్థి ఒక్కడే తలకెత్తుకోవద్దు, ఇంతకుముందు వెళ్ళిన ఓడల వీడియోల్లో జీవుల్ని గుర్తించి లెక్కపెట్టే పని మాత్రం ల్యాప్‌టాప్ మీద చేయొచ్చు.

అనుమతులు, వీసా, ఆదివారం

నేలలో ఎక్కువ భాగం కుటుంబాల ఉమ్మడి ఆస్తి, మతాయ్ అనే కుటుంబ పెద్దల ఆధ్వర్యంలో ఉంటుంది. ఊరి ముందున్న రీఫ్‌ని కూడా ఊరిదిగానే చూస్తారు. నేషనల్ పార్క్ కూడా భూమి కొనలేదు, 1993లో ఊళ్ళ నుంచి యాభై ఏళ్ళకి లీజు తీసుకుంది. కాబట్టి మత్స్య, వన్యప్రాణి శాఖ పర్మిట్, పార్కులో అయితే పార్క్ పర్మిట్, శాంక్చువరీలో (సంరక్షిత సముద్ర ప్రాంతంలో) అయితే దాని పర్మిట్ చేతిలో ఉన్నా, ఊరి పులెనువు, అంటే మేయర్ లాంటి పెద్ద మనిషిని కలవకుండా నీళ్ళలో దిగకూడదు. సాయంత్రం ప్రార్థన వేళ ఊళ్ళో నడవడం, తిరగడం ఆపేస్తారు, మీరూ ఆగండి. ఆదివారం చాలా ఊళ్ళలో ఈత కూడా ఒప్పుకోరు, సర్వే సంగతి అడగొద్దు. మీ ఫీల్డ్ క్యాలెండర్‌లో ఆదివారాలు ముందే కొట్టేయండి.

అమెరికాలో ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న మన స్టూడెంట్స్‌కి అసలు టెన్షన్ ఇక్కడ. జెండా అమెరికాదే కదా అని టికెట్ కొనేస్తే ఇరుక్కుంటారు. అమెరికన్ సమోవా తన ఇమిగ్రేషన్ తానే చూసుకుంటుంది, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు అక్కడి అటార్నీ జనరల్ ఆఫీసు నుంచి ముందే ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. పైగా ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో ఆ దీవులు అమెరికా లోపలికి రావు, అంటే అక్కడికి వెళ్ళడం దేశం దాటి వెళ్ళినట్టే. తిరిగి హొనొలులులో దిగేటప్పుడు చెల్లే వీసా స్టాంపు, ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఉండాలి. స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు ఫీల్డ్ ట్రిప్ బడ్జెట్ రాయకముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

పగడపు ముక్కలు ఇండియాకి తెచ్చే ఆలోచన ఉంటే మానుకోవడమే మంచిది. గట్టి పగడాలన్నీ సైటీస్ (వన్యజీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి, మన వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో ఉన్నాయి. ల్యాబ్ పని అక్కడో, అమెరికా యూనివర్సిటీలోనో ముగించుకుని ఫలితాలు తెచ్చుకోండి.

కాగితం మీద పెట్టేటప్పుడు

మొదటి వాక్యంలో నిర్ణయం ఎవరిదో రాయండి. రెండో వాక్యంలో వాళ్ళకి ఏం తెలియదో. మూడో వాక్యంలో మీరు ఏ రెండు జవాబుల మధ్య తేలుస్తారో, ఏది వస్తే ఏం మారుతుందో. ఏది వచ్చినా ఏమీ మారకపోతే ప్రశ్న మార్చుకోండి. వాతావరణ మార్పు గురించి రాయాలనిపిస్తే రాయండి, నాలుగో పేరాలో.

స్థానిక కాలేజీ విద్యార్థులకి జీతంతో పని పెట్టండి. మీరు వెళ్ళిపోయాక సీసాలు పట్టేది, లాగర్లు తీసేది వాళ్ళే. ఫలితాలు ముందు ఊరి సమావేశంలో చెప్పి, ఆ తర్వాతే పేపర్ పంపండి, దానికి అయ్యే విమానం ఖర్చు కూడా బడ్జెట్‌లో ఉండాలి.

డేటా ఫైల్‌లో టైమ్ కాలమ్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. అమెరికన్ సమోవా యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) 11 గంటలు వెనక, పక్కనే ఉన్న స్వతంత్ర దేశం సమోవా 13 గంటలు ముందు, మధ్యలో తేదీ రేఖ ఉంది. గడియారం రెండు చోట్లా ఒకటే చూపిస్తుంది, తేదీ మాత్రం ఒక రోజు తేడా. సమోవా రాజధాని ఆపియా వాన లెక్కని పాగో పాగో వాగు లెక్కతో కలిపేటప్పుడు ఇది మర్చిపోతే వాగులో వరద వాన కంటే ముందు రోజే వచ్చినట్టు కనపడుతుంది. 2011 డిసెంబర్ ముందు ఆపియా కూడా తేదీ రేఖకి ఇటువైపే ఉండేది కాబట్టి అంతకు ముందటి డేటాకి ఈ సవరణ చేయకూడదు, అన్నీ యూటీసీలోకి మార్చి దాచుకోవడమే నయం. హైదరాబాద్ నుంచి సోమవారం పొద్దున తొమ్మిదింటికి జూమ్ మీటింగ్ పెడితే అక్కడ ఆదివారం సాయంత్రం నాలుగున్నర, ఎవరూ రారు, మంగళవారం పెట్టుకోండి.